ఇంజిన్ పట్టేసిన బైకు: ఇంట్లో విప్పాలా, షెడ్డుకి ఇవ్వాలా? (అపోహలు - వాస్తవాలు)

పట్టేసిన, అంటే లోపల బిగుసుకుపోయి తిరగని ఇంజిన్‌ని ఇంట్లోనే సగం విప్పి, మిగతా సామాను సంచిలో వేసుకుని షెడ్డుకి వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. సొంత బండి మీద చెయ్యి వేసుకోవాలన్న ఆశ నాకు నచ్చుతుంది. ఎక్కడిదాకా విప్పాలో, ఎక్కడ ఆగాలో తెలిస్తే బండీ బాగుంటుంది, డబ్బూ మిగులుతుంది. మన దగ్గర స్ప్లెండర్ లాంటి 100 సీసీ బళ్లే ఎక్కువ కాబట్టి వాటి గురించే చెబుతున్నా.

అపోహ: కిక్ దిగలేదంటే ఇంజిన్ పోయినట్టే.

వాస్తవం: ముందు ప్లగ్ తీసి చూడండి. ప్లగ్ తీశాక కిక్ దిగితే లోపల నీళ్లో పెట్రోలో నిండి ఉండొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగినలాంటి బళ్లకి ఈ జాగ్రత్త తప్పనిసరి. నీళ్లు గాలిలా అణగవు. ప్లగ్ తీయకుండా సెల్ఫ్ కొట్టినా, తోసి స్టార్ట్ చేసినా కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని కింద తిరిగే క్రాంక్ ఇరుసుకి కలిపే కడ్డీ) వంగిపోవచ్చు. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, ఆ ఆయిల్ దించేయాలి.

అపోహ: చల్లారాక మళ్లీ స్టార్ట్ అయింది, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: పిస్టన్ అల్యూమినియం, బ్లాక్ లోపలి లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఆయిల్ అడుగంటితే పిస్టన్ ఉబ్బి లైనర్‌ని పట్టేస్తుంది, చల్లారితే వదులుతుంది. వదిలింది కదా అని నడపకండి. గీతలు అప్పటికే పడి ఉంటాయి. ఆయిల్‌ని తెల్లటి ట్రేలోకి దించి అయస్కాంతం తిప్పండి. మెరుస్తూ అయస్కాంతానికి అంటని పొడి చాలావరకు పిస్టన్‌ది. అంటుకునే ముక్కలు కనిపిస్తే బేరింగో గేరో దెబ్బతిని ఉండొచ్చు, ఇంట్లో పని అక్కడితో ఆపేయండి.

అపోహ: గీతలు ఎమెరీ పేపర్‌తో రుద్ది, కొత్త పిస్టన్ రింగులు వేస్తే చాలు.

వాస్తవం: హెడ్ (ఇంజిన్ పై మూత), బ్లాక్ దించడం ఓపికున్నవాళ్లు ఇంట్లో చేసుకోగల పనే. లైనర్ మీద గోటితో అడ్డంగా గీయండి. గోరు తగులుకుందంటే బోర్ చేయించాల్సిందే, అంటే లైనర్ లోపల కాస్త కోయించి వెడల్పు చేయించాలి. తగులుకోకపోయినా కొలవాలి. పిస్టన్‌కి, లైనర్‌కి మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే, మామూలు వెర్నియర్‌తో అది నమ్మకంగా తేలదు. లేత్ షాపులో బోర్ గేజ్ పెట్టి పైన, మధ్యన, కింద కొలిపించండి. ఓవర్‌సైజ్ పిస్టన్లు, అంటే అసలు సైజుకంటే 0.25, 0.50 మి.మీ. ఇలా పెద్దవి దొరుకుతాయి. పిస్టన్ ముందే కొని చేతికివ్వండి, దాన్ని కొలిచి బోర్ చేస్తారు. బోర్ చేయించాక పిస్టన్ వెతుక్కుంటే ఆ కొలత కుదరకపోవచ్చు. కేటీఎం డ్యూక్ లాంటి బళ్లలో లైనర్ బదులు నికాసిల్ అనే గట్టి పూత ఉంటుంది, వాటికి ఈ పద్ధతి పనికిరాదు. పూత లేచిపోతే సాధారణంగా బ్లాక్, పిస్టన్ కలిపి మార్చడమే.

అపోహ: కనెక్టింగ్ రాడ్ ఆడుతోందంటే పోయినట్టే.

వాస్తవం: ఎటు ఆడుతోందన్నది ముఖ్యం. రాడ్ కింది చివర, క్రాంక్ పిన్ దగ్గర పక్కలకి కాస్త కదలడం మామూలే, ఆ ఖాళీ ఉండాలి. పిస్టన్ తీసేసి, రాడ్‌ని పై చివరికి తెచ్చి, రెండు వేళ్లతో పట్టుకుని నిటారుగా పైకీ కిందికీ లాగండి. అక్కడ టక్కుమంటే పోయినట్టు. నా దృష్టిలో ఇంటి పనికి హద్దు ఇదే. రాడ్ మార్చాలంటే మ్యాగ్నెట్, క్లచ్ ఊడదీసి, ఇంజిన్ రెండుగా చీల్చి, క్రాంక్ పిన్‌ని హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించాలి. ఆ తర్వాత డయల్ గేజ్ (సన్నటి వంకర కూడా చూపించే మీటరు) పెట్టి క్రాంక్‌ని సరిచేయాలి. సుత్తితో కొట్టి బిగించిన క్రాంక్ బేరింగులను తినేస్తుంది.

రాడ్ బాగుండి పై పని (హెడ్, బ్లాక్, పిస్టన్) ఒక్కటే చేసుకుంటున్నా సరే, క్లచ్ కవర్ విప్పి సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ (తిరుగుతూ ఆయిల్లోని పొడిని పట్టే గిన్నె), ఆయిల్ జాలీ కడగందే బిగించొద్దు. పాత పొడి అక్కడే దాక్కుని ఉంటుంది, కొత్త పిస్టన్‌ని గీసేస్తుంది. ఇది చాలామంది వదిలేసే పని.

అపోహ: ఇంత తలనొప్పి ఎందుకు, పాత ఇంజిన్ ఒకటి కొని పెట్టేస్తే సరి.

వాస్తవం: ఆ ఇంజిన్ నంబర్ వేరు, మీ ఆర్‌సీలో ఉన్నది వేరు. ఆర్టీఏలో ఆ మార్పు నమోదు చేయించాలి. బిల్లు లేకుండా చేతులు మారిన ఇంజిన్ దొంగబండిది కూడా కావచ్చు. బిల్లు, పాత బండి కాగితాలు చూపించని చోట అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.