మిల్లు మూతపడ్డాక ఇళ్ల సంగతేంటి?

గుంటూరు జూట్ మిల్లు పేరు ఎప్పుడు ఎత్తినా మాట కార్మికుల బకాయిల మీదికో, ఆ స్థలం ధర మీదికో పోతుంది. ఊరి నడిమధ్య అంత నేల ఖాళీగా కనిపిస్తే అందరి కన్నూ దాని మీదే ఉంటుంది మరి. మిల్లు సైరన్‌ను బట్టి పొయ్యి వెలిగించుకున్న పేటల గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. వరంగల్‌లోనూ ఇదే జరిగింది. నిజాం హయాంలో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లును 1974లో జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ తీసుకుంది. కొన్నాళ్లకు అదీ మూతపడింది, షెడ్లు కూల్చేశారు.

అసలు మిల్లువాళ్లు ఇళ్లెందుకు కట్టాల్సి వచ్చింది? ఈ కథ స్కాట్లండ్‌లో క్లైడ్ నది ఒడ్డున తేటగా కనిపిస్తుంది. 1785లో డేవిడ్ డేల్ అనే వ్యాపారి, నూలు యంత్రాలతో అప్పటికే పేరు మోసిన రిచర్డ్ ఆర్క్‌రైట్‌తో కలిసి అక్కడ మిల్లు మొదలుపెట్టాడు. అప్పట్లో కదుళ్లు తిరగాలంటే నీటి ఉరవడే ఆధారం. నీరు ఎత్తు నుంచి దూకే చోట లోయ ఉంది గానీ పనిచేసే జనం లేరు. అందుకే మిల్లుతో పాటు ఊరినీ కట్టారు. అదే న్యూ లానార్క్.

మిల్లుకూ ఇళ్లకూ ఒకటే ఇసుకరాయి వాడారు. వరసగా అంతస్తుల ఇళ్లు, చాలా కుటుంబాలకు ఒక్కటే గది. గోడలోకి అమర్చిన మంచం కింద చక్రాల మంచం ఇంకోటి ఉండేది. రాత్రి దాన్ని బయటికి లాగి పిల్లల్ని పడుకోబెట్టేవారు, తెల్లారగానే మళ్లీ లోపలికి తోసేవారు. కుటుంబాలతో వచ్చినవాళ్లు చాలక ఎడిన్‌బరో, గ్లాస్గో అనాథాశ్రమాల నుంచి దాదాపు 500 మంది పిల్లల్ని తెచ్చారు. వాళ్లలో ఆరేడేళ్ల వాళ్లు కూడా ఉన్నారు. తిండి, బట్ట, రాత్రి పూట చదువు ఉండేవి. ఆ కాలానికి డేల్ దయగల యజమానే అంటారు. అయినా పగలంతా మిల్లులో నిలబడ్డ పిల్లకు రాత్రి బడిలో ఏం తలకెక్కుతుంది?

డేల్ దగ్గర ఆ మిల్లును 60 వేల పౌండ్లకు కొన్నది అల్లుడు రాబర్ట్ ఓవెన్, మరికొందరు భాగస్వాములు. 1800లో ఓవెన్ పగ్గాలు పట్టాక పదేళ్ల లోపు పిల్లల్ని పనిలోకి తీసుకోవడం మానేశాడు. 1816లో బడి భవనం తెరిచాడు, అందులో చంటిపిల్లలకూ తరగతులుండేవి. కంపెనీ దుకాణంలో సరుకు కొన్న ధరకు దగ్గరగా అమ్మి, వచ్చిన లాభాన్ని బడికి పెట్టాడు. అమెరికా పత్తి రాక ఆగి మిల్లు నాలుగు నెలలు నిలిచిపోతే పూర్తి కూలి ఇచ్చాడు. మన దగ్గర లేఆఫ్ ఇస్తే, అంటే పని లేదని కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెడితే, సగం జీతానికే ఎన్ని ధర్నాలు చేయాలో తెలిసినవాళ్లకు ఈ సంగతి చిన్నదిగా అనిపించదు.

అలాగని ఓవెన్‌ను దేవుణ్ని చేయనక్కర్లేదు. ఒక్కో కార్మికుడి పక్కన నాలుగు పలకల చెక్కముక్క వేలాడేది. నలుపు వైపు తిప్పి ఉంటే నిన్న పని బాగాలేదని, నీలమైతే అంతంత మాత్రమని, పసుపైతే ఫర్వాలేదని, తెలుపైతే భేష్ అని అర్థం. తిట్టూ లేదు, దెబ్బా లేదు, కానీ అందరి కళ్లముందూ పరువు వేలాడుతుంటుంది. ఈ కాలం ఆఫీసుల్లో రేటింగుల టెన్షన్ ఇంతకంటే పెద్ద తేడా ఏం కాదు. పైగా ఇల్లు కూడా కంపెనీదే కాబట్టి, పని పోతే నీడా పోతుంది.

మన పల్నాటి పత్తికి ఇలాంటి ఊళ్లు పెద్దగా పుట్టలేదు. గుంటూరు చుట్టుపక్కల ముందు వచ్చినవి జిన్నింగ్ మిల్లులు. గింజ తీసి, బేళ్లు కట్టి పంపించేస్తే సీజన్ అయిపోయినట్టే. నాలుగైదు నెలల పనికి ఇళ్లెవరు కడతారు? ఏడాది పొడుగునా మూడు షిఫ్టులు నడిచే స్పిన్నింగ్ మిల్లులు వచ్చాకే ఈ అవసరం పడింది. ఇప్పుడు ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది మిల్లు కాంపౌండు లోపలి గదుల్లోనే ఉంటున్నారు.

న్యూ లానార్క్ 1968లో మూతపడింది. తర్వాత మిల్లు భవనాలు పాత లోహం తీసే కంపెనీ చేతికి పోయాయి, యార్డంతా తుక్కుతో నిండిపోయింది. ఊరు నిలబడడానికి కారణం, ఇళ్ల సంగతి అంతకు ముందే మొదలవడం. ఇళ్లు బాగుచేయడానికి 1963లోనే ఒక సంఘం ఏర్పడింది. 1974లో పరిరక్షణ ట్రస్టు వచ్చింది. 1983లో చట్టబలంతో మిల్లు భవనాలను ఆ తుక్కు కంపెనీ నుంచి తీసుకున్నారు. 2001లో యునెస్కో జాబితాకెక్కింది. ఒక మిల్లు భవనం హోటలైంది, పాత ఇళ్లలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. నా లెక్కలో హోటల్ కంటే ఈ కాపురాలే గొప్ప.

మన దగ్గర కంపెనీ దివాలా తీస్తే 2016 నాటి చట్టం ప్రకారం కార్మికుల 24 నెలల బకాయిలకు, తాకట్టు మీద అప్పిచ్చిన బ్యాంకులతో సమాన స్థానం ఉంటుంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులను అమ్మకపు ఆస్తిలో కలపకూడదు. కంపెనీ క్వార్టర్స్ మాత్రం ఆస్తి కిందే లెక్క. అందులో ఎన్నేళ్లు ఉన్నా కార్మికుడికి దాని మీద హక్కు రాదు.