పట్టూ విడుపూ తెలిసిన ముడులు

గాలివానకు టెంట్ కూలితే తాడు తెగిందేమో అనుకుంటాం. నిజానికి తాడు తెగడం చాలా అరుదు. క్యాంపింగ్‌లో బాగా వాడే పారాకార్డ్ అనే నైలాన్ తాడు మందం 4 మిల్లీమీటర్లే అయినా, తెగాలంటే దాదాపు 250 కిలోల లాగుడు కావాలి. అంతకన్నా ముందే చేతులెత్తేసేవి వేరే ఉన్నాయి: నేలలో దిగ్గొట్టిన మేకు, టార్పాలిన్ అంచున ఉన్న రింగు, మనం వేసిన ముడి.

గాలి పెట్టే బాధ తక్కువేమీ కాదు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న టార్పాలిన్‌కు గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే, దాని మీద పడే ఒత్తిడి సుమారు 55 కిలోల బరువుతో సమానం. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలై 220 కిలోలు దాటుతుంది. పైగా గాలి ఒకే తీరుగా వీయదు. గుంజుతుంది, వదిలేస్తుంది, మళ్లీ గుంజుతుంది. చాలా ముడులు గుంజినప్పుడు బాగానే నిలుస్తాయి, వదిలినప్పుడే కొంచెం కొంచెంగా సడలుతాయి.

ముడిని పట్టి ఉంచేది రాపిడి. తాడును ఒక కర్రకు చుడితే, చుట్టు చుట్టుకూ రాపిడి కూడుతూ పోదు, హెచ్చవేసినట్టు పెరుగుతుంది. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరుతో దీనికో సూత్రం ఉంది. రాపిడి గుణకం (రెండు వస్తువులు ఒకదాన్నొకటి ఎంతగా పట్టి ఆపుతాయో చెప్పే అంకె) 0.3 అనుకుంటే, ఒక పూర్తి చుట్టుతో మనం లాగే బలానికి ఆరున్నర రెట్లు ఆపగలం. రెండు చుట్లతో 43 రెట్లు, మూడింటితో 285 రెట్లు! కర్ర సన్నదా లావుదా అన్నది ఈ లెక్కలోకి రాదు, చుట్లే ముఖ్యం. అందుకే చెట్టుకు తాడు కట్టేటప్పుడు ముందు రెండు చుట్లు వేసి, ఆ తర్వాత రెండు అరముడులు (కొసను తాడు చుట్టూ ఒకసారి తిప్పి కిందనుంచి దూర్చేవి) వేస్తే చాలు. బరువంతా చుట్లే మోస్తాయి, ముడి దగ్గరికి వచ్చేసరికి మిగిలేది కొంచెమే.

నన్నడిగితే, టెంట్ కట్టేవాళ్లు ఒక్క ముడే నేర్చుకోవాలంటే అది టాట్‌లైన్ హిచ్. తాడును మేకు చుట్టూ తిప్పి, కొసను వెనక్కి తీసుకురండి. ఇప్పుడు మేకు దగ్గర ఒక పెద్ద లూప్ ఏర్పడింది. కొసను టెంట్ నుంచి వచ్చే తాడు చుట్టూ, ఆ లూప్ లోపలి వైపున, మేకు దిశగా రెండు చుట్లు చుట్టండి. తర్వాత కొసను ఆ రెండు చుట్లనూ దాటించి టెంట్ వైపుకు తెచ్చి, అదే తాడు చుట్టూ ఇంకో చుట్టు తిప్పి దాని కిందనుంచి దూర్చి బిగించండి. ముడిని వేళ్లతో పట్టుకుని టెంట్ వైపు జరిపితే తాడు బిగుస్తుంది, మేకు వైపు జరిపితే సడలుతుంది. చేయి తీసేస్తే ఉన్నచోటే ఉండిపోతుంది.

కిటుకు ఇదీ: తాడు మీద లాగుడు పడగానే, ముడి లోపల తిన్నగా ఉన్న తాడు కాస్త వంకర తిరుగుతుంది. చుట్లు ఆ వంపును కరిచి పట్టుకుంటాయి. గాలి ఎంత గట్టిగా లాగితే పట్టు అంత పెరుగుతుంది. మనం ముడినే పట్టుకుని జరిపినప్పుడు మాత్రం ఆ వంపు సరైపోతుంది, చుట్లు వదులవుతాయి.

రాత్రిపూట తాడు మారిపోతుంది కాబట్టే ఈ సర్దుబాటు కావాలి. నైలాన్ తడిస్తే నీరు పీల్చుకుని సాగుతుంది. సాయంత్రం వీణ తీగలా బిగించినది తెల్లారేసరికి వేలాడుతుంది. పాలియెస్టర్‌కు ఈ గుణం చాలా తక్కువ. నూలు తాళ్లు, జనపనార తాళ్లు సరిగ్గా దీనికి ఉల్టా. తడిస్తే నారలు ఉబ్బుతాయి, పేనిన తాడు పొట్టిదవుతుంది, మేకును కూడా పీకేస్తుంది. కాన్వాస్ టెంట్ల కాలంలో వాన వచ్చే సూచన ఉంటే పడుకునే ముందు తాళ్లు సడలించేవాళ్లు.

టార్పాలిన్ వేయడానికి రెండు చెట్ల మధ్య అడ్డంగా కట్టే తాడు సంగతి వేరు. దాన్ని లాగడానికి చేతుల బలం చాలదు, ట్రక్కర్స్ హిచ్ కావాలి. ఒక కొసను మొదటి చెట్టుకు కట్టేశాక, తాడు మధ్యలో జారుముడితో ఒక లూప్ తీస్తారు. రెండో కొసను అవతలి చెట్టు చుట్టూ తిప్పి, ఈ లూప్‌లోంచి వెనక్కి లాగుతారు. ఇది కప్పీలా పనిచేస్తుంది. కాగితం మీద మూడు రెట్ల బలం వస్తుంది గానీ, తాడు మీద తాడు ఒరుసుకోవడంతో అందులో చాలా భాగం రాపిడికే పోతుంది. లూప్‌ను ఇంకా కట్టని కొస వైపు తాడుతోనే తీయాలి. కట్టేసిన వైపు తాడుతో తీస్తే, లాగగానే లూప్ మూసుకుపోతుంది. చివరి అరముడిలో కొసను మడిచి దూర్చితే, పొద్దున్నే ఒక్క లాగుతో ఊడొస్తుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

అయితే అతిగా బిగించకండి. తాడు నేలకు దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు, మధ్యలో పడే చిన్న బరువు కూడా చివర్లలో పెద్ద టెన్షన్ అవుతుంది. చెట్ల మధ్య తాడు 5 డిగ్రీలే వంగి ఉండగా, టార్పాలిన్ మధ్యలో 10 లీటర్ల వాననీరు నిలిచిందనుకోండి. తాడు ఒక్కో వైపు 57 కిలోల లాగుడు తట్టుకోవాలి. అదే 30 డిగ్రీల వంపుంటే 10 కిలోలే. ఈ తాడు మీద టార్పాలిన్‌ను సాగదీసి నిలపడానికి ప్రుసిక్ ముడి బాగుంటుంది. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రుసిక్ 1931లో దీన్ని పరిచయం చేశాడు. చిన్న తాడుతో చేసిన ఉంగరాన్ని పెద్ద తాడుకు మూడు చుట్లు వేస్తే, అటూ ఇటూ జరుగుతుంది, లాగితే ఆగుతుంది. చిన్న తాడు పెద్దదానికన్నా సన్నగా ఉండాలి, లేకపోతే పట్టదు.

రింగుకు కట్టడానికి, తాడు కొసన జారని లూప్ వేసే బోలైన్ ముడి చాలు. ఎంత లాగినా బిగుసుకుపోదు, విప్పడం తేలిక. బిరుసు తాడులో మాత్రం కుదుపులకు సడలుతుంది, కాబట్టి కొస పొడుగ్గా వదలాలి.

రెండు తాళ్లు కలపాలంటే చాలామంది చేయి అలవాటుగా కుడి మీద ఎడమ, మళ్లీ కుడి మీద ఎడమ వేసేస్తుంది. అది గ్రానీ నాట్. రెండోసారి ఎడమ మీద కుడి వేస్తే రీఫ్ నాట్ అవుతుంది. చూడ్డానికి తేడా ఇంతే. కానీ 2020లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు, ఒత్తిడికి రంగు మారే పోగులతో ముడులు వేసి ఈ తేడాకు కారణం చూపించారు. రీఫ్‌లో తాడు మెలికలు ఒకదానికొకటి ఎదురు తిరిగి అడ్డుకుంటాయి. గ్రానీలో ఒకే వైపు దొర్లిపోతాయి. అయినా బరువు మోసే చోట రీఫ్‌నూ నమ్మొద్దు, ఒక కొసను పక్కకు గుంజితే విడిపోతుంది. ఒక తాడు మడతలోకి రెండో తాడును దూర్చి చుట్టి కలిపే షీట్ బెండ్ వెయ్యండి. టార్పాలిన్ రింగు ఊడిపోతే, ఆ మూలలో ఒక నున్నటి గులకరాయిని పెట్టి, టార్పాలిన్ గుడ్డతోనే ముద్దలా చుట్టి, దాని మెడకు క్లోవ్ హిచ్ (పక్కపక్కనే రెండు చుట్లు వేసి బిగించే ముడి) వేసి, కొసను అరముడితో భద్రం చేస్తే సరి. కొత్త రింగు కన్నా ఇదే గట్టిదని నా అభిప్రాయం. గుడ్డకు చిల్లు లేదు కదా!

డైనీమా అనే పాలిథీన్ పోగుల తాళ్లతో మాత్రం జాగ్రత్త. బలంలో వాటికి సాటి లేదు, తేలికగా ఉంటాయి, తడిసినా సాగవు. కానీ జారుడెక్కువ, రాపిడి గుణకం చాలా తక్కువ. పైన చెప్పిన రాపిడి లెక్కలన్నీ అక్కడ తలకిందులవుతాయి. టాట్‌లైన్‌లో లోపలి చుట్లు నాలుగైనా వేసి, ఒంటి బరువు ఆనించి లాగి చూడండి. జారిందంటే సర్దాల్సిన చోట ఆ తాడు పనికిరాదు, పాలియెస్టరే వాడండి.