తేలిక సరే, ఆ తర్వాత?

2019లో తయారైన ఒక గాలిమర రెక్క పొడవు 107 మీటర్లు. అంత పొడవు రెక్కను ఉక్కుతో చేస్తే దాని బరువు మోయడానికే శక్తంతా చాలదు. అందుకే రెక్కల్లో ఎక్కువ భాగం గాజు పోగులు. బలం మరీ అవసరమైన చోట కార్బన్ పోగులు. వాటన్నిటినీ పట్టి ఉంచేది ఎపాక్సీ లాంటి రెసిన్, అంటే ఆరాక గట్టిపడే జిగురు.

కార్బన్ పోగు పుట్టుక చూడదగ్గది. యాక్రిలిక్ స్వెటర్ నూలుకు దగ్గరి చుట్టమైన ‘పాన్’ అనే పాలిమర్ (అణువుల పొడవాటి గొలుసులతో చేసిన పదార్థం) దారాన్ని ముందు 200–300 డిగ్రీల వేడిలో, గాలి తగలనిస్తూ, లాగి పట్టి ఉంచుతారు. తర్వాత ఆక్సిజన్ అందకుండా వెయ్యి డిగ్రీలు దాటిస్తారు. నైట్రోజన్, హైడ్రోజన్ ఎగిరిపోయి దాదాపు కార్బనే మిగులుతుంది. మందం 5 నుంచి 10 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). విమాన భాగాలకైతే రెసిన్ పట్టించిన పోగుల గుడ్డను గట్టిపడకుండా ఫ్రీజర్‌లో దాచి, కావాల్సినప్పుడు తీసి, ఒక్కో పొర ఒక్కో దిక్కుకు వచ్చేలా అచ్చు మీద పరిచి, ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి పొయ్యిలో ఒత్తిడితో ఉడికిస్తారు. చివరికి వచ్చేదాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.6 గ్రాములు. ఉక్కుది 7.8.

తేలికదనం విలువ ఎంతో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలకు తెలిసింది. నడవడానికి కాళ్లకు కట్టుకునే మూడు కిలోల లోహపు కాలిపర్లకు బదులు క్షిపణి పదార్థాల పరిజ్ఞానంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించిన సంగతి అబ్దుల్ కలాం చాలా సభల్లో చెప్పేవారు.

అయితే తేలికైన ప్రతిదాన్నీ ‘పర్యావరణహితం’ అనేయడం నాకు మింగుడుపడదు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు దాని అణువుల గొలుసులు ఒకదానికొకటి అడ్డంగా ముడిపడిపోతాయి. కాలిన కుండ మళ్లీ మట్టిముద్ద కానట్టే, అదిక కరగదు. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రం కాస్పర్‌లో పాత రెక్కలను కోసి గోతుల్లో పూడ్చింది అందుకే. కొలిమిలో పెట్టి రెసిన్‌ను కాల్చేయొచ్చు, కానీ ముక్కలు చేసి కాల్చాక దొరికేవి పొట్టి పోగులు. వాటితో మళ్లీ రెక్క చేయలేం. మన అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు 1990లలోనే వచ్చాయి. రెక్క ఆయుష్షు 20–25 ఏళ్లు. లెక్క మీరే వేసుకోండి.

పరిష్కారం రెసిన్‌లోనే ఉందని ఇప్పుడు పరిశోధకులు గట్టిగా నమ్ముతున్నారు. 2021లో గాలిమరల కంపెనీ సీమెన్స్ గమేసా తెచ్చిన రెక్కలో రెసిన్ వేడిచేసిన బలహీన ఆమ్లంలో విడిపోతుంది, పోగులు పాడవవు. ఇది కొత్త రెక్కలకే పనికొస్తుంది. ఇప్పటికే తిరుగుతున్న వాటి కోసం డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయం బృందం 2023లో వేరే దారి చూపింది: రుథేనియం ఉత్ప్రేరకంతో ఎపాక్సీ బంధాలను తెంచి, పోగులతో పాటు బిస్ఫినాల్-ఏ అనే ఎపాక్సీ ముడిసరుకును కూడా వెనక్కి రాబట్టారు. కాకపోతే రుథేనియం ఖరీదైన లోహం, చిన్న ముక్క విడిపోవడానికే రోజులు పడుతుంది. ప్రయోగశాల గాజుపాత్రలో జరిగింది వంద మీటర్ల రెక్కకు గిట్టుబాటు కావాలంటే ముందు ఆ ఉత్ప్రేరకం చవకవ్వాలి.