కొనాలా, ఆగాలా? స్విచ్ 2 గురించి మీ తాతయ్య ఉత్తరం

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు డాలస్ నుంచి వస్తూ బాబాయి నింటెండో కంపెనీ వీడియో గేమ్ మిషన్ స్విచ్ 2 తెస్తానన్నాడట. బుజ్జి ఎగిరి గంతేసిందట. చిన్నా మాత్రం "ఇప్పుడొద్దు, ఆగితే ఇంతకంటే స్పీడుది వస్తుంది" అని మొండికేశాడని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కొట్టుకోవడం ఆపి ఇద్దరూ ఇది చదవండి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చడం నాకు చేతకాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్విచ్ 2లో కొత్త మోడల్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అయితే అది ఆటల్ని రెట్టింపు వేగంతో ఆడించేది మాత్రం కాదని నా లెక్క. చార్జింగ్ ఎక్కువసేపు నిలిచేదో, తెర ఇంకా బాగుండేదో అవుతుంది.

ఈ కంపెనీ చరిత్రే అలాంటిది. 1989లో గేమ్ బాయ్ అనే చేతి ఆట మిషన్ వచ్చినప్పుడు దానికి పెన్సిల్ సెల్స్ నాలుగు కావాలి. 1996లో వచ్చిన గేమ్ బాయ్ పాకెట్‌కు సన్న సెల్స్ రెండు చాలు. ఆటలు అవే, వేగమూ అదే. 2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు తెరలో లైటే లేదు, దీపం కింద కూర్చుని ఆడాలి. లైటున్న మోడల్ 2003లో వచ్చింది. మధ్యలో ప్రాసెసర్ బలం పెంచిన సందర్భాలు లేకపోలేదు. 2014లో వచ్చిన 'న్యూ 3డీఎస్' అనే చేతి మిషన్ అలాంటిదే. కానీ ఆ అదనపు బలం లేకపోతే ఆడని ఆటల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాత మిషన్ ఉన్నవాళ్లను వదులుకుని ఆట తయారుచేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఇప్పుడు మొదటి స్విచ్ సంగతి. ఇక్కడ కాగితం, పెన్ను తెచ్చుకోండి.

2017 మార్చిలో వచ్చిన స్విచ్‌లో 16 వాట్ అవర్ల బ్యాటరీ ఉంది, అంటే 16 వాట్ల పవర్‌ను గంటసేపు ఇవ్వగలదు. పెద్ద ఆటలు ఆడితే రెండున్నర గంటలు వస్తుందని కంపెనీయే చెప్పింది. 16ని 2.5తో భాగించండి. 6.4 వచ్చిందా? అంటే ఆ మిషన్ సుమారు 6.4 వాట్లు తింటోంది. 2019లో అదే స్విచ్‌ను, అదే బ్యాటరీతో, పెద్దగా చప్పుడు చేయకుండా మార్చి అమ్మారు. ఈసారి కనీసం నాలుగున్నర గంటలు అన్నారు. 16ని 4.5తో భాగిస్తే మూడున్నర వాట్లు. ఆట అదే, వేగం అదే, తిండి మాత్రం దాదాపు సగం!

మాయ ఎక్కడుందంటే చిప్‌లో. ఎన్విడియా చేసిన టెగ్రా ఎక్స్1 చిప్ మొదట 20 నానోమీటర్ల పద్ధతిలో తయారయ్యేది, 2019లో దాన్ని 16కు మార్చారు. (ఈ నానోమీటర్ల అంకెలు ఈ రోజుల్లో కొలత కంటే పేరుకే ఎక్కువ, వాటిని మరీ నమ్మకండి.) ట్రాన్సిస్టర్లు మెరుగుపడితే తక్కువ వోల్టేజీతోనే పని జరుగుతుంది. చిప్ తినే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వోల్టేజీ 1 నుంచి 0.8కి దిగితే పవర్ 0.64కి పడిపోతుంది. అయిదో వంతు తగ్గిస్తే మూడో వంతుకు పైగా మిగిలిందన్నమాట. ఇది ఇద్దరూ బాగా గుర్తుపెట్టుకోండి, పరీక్షల్లోనూ వస్తుంది.

మిగిలిన ఆ పవర్‌తో ఆటల వేగం పెంచే అవకాశం నింటెండోకు అప్పుడు ఉంది. పెంచలేదు. మొత్తం బ్యాటరీ గంటల్లోనే వేసింది. మరో రెండేళ్లకు 4కె చూపించే 'స్విచ్ ప్రో' వస్తోందని లోకమంతా గోల చేసింది. తీరా 2021 అక్టోబర్‌లో వచ్చింది ఏడు అంగుళాల ఓలెడ్ తెర, 64 జీబీ స్టోరేజీ, మంచి స్టాండు, డాక్‌కు (మిషన్‌ను టీవీకి కలిపే పెట్టె) ఇంటర్నెట్ కేబుల్ పెట్టుకునే చోటు. చిప్ మారలేదు. చిన్నా, నీలాగా ఆగినవాళ్లు అప్పుడు చాలామందే ఉన్నారు.

మరి స్విచ్ 2 సంగతేమిటి? 2025 జూన్ 5న వచ్చిన ఈ మిషన్‌లో బ్యాటరీ సుమారు 20 వాట్ అవర్లు, కంపెనీ చెప్పే కనీస సమయం రెండు గంటలు. భాగించండి, 10 వాట్లు. చేతిలో పట్టుకునే పల్చటి వస్తువు 10 వాట్లు తింటే ఆ వేడంతా బయటికి పోవాలి, అందుకే లోపల ఫ్యాన్ ఉంది. టీవీకి కలిపే డాక్‌లో కూడా ఈసారి ఫ్యాన్ పెట్టారు. డాక్‌లో పెడితే బొమ్మలు గీసే భాగం 1007 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది, చేతిలోకి తీసుకుంటే 561కి దిగుతుంది. బ్యాటరీ, వేడి రెండూ కలిసి దానికి వేసిన కళ్లెం అది. డాక్‌లోనే అదనపు చిప్ పెట్టి బలం పెంచుతారని కొందరు ఊహిస్తుంటారు కానీ అది జరిగే పని కాదని నా నమ్మకం. అలా చేస్తే ప్రతి ఆటనూ ఇంకో రకంగా కూడా పరీక్షించాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఈ చిప్‌ను శాంసంగ్ 8 నానోమీటర్ల పద్ధతిలో చేశారు. అది 2020లో కంప్యూటర్ గ్రాఫిక్ కార్డులకు వాడిన పాత పద్ధతి. కాబట్టి ముందుకు జరగడానికి చోటు బాగానే ఉంది. 2019లో జరిగినట్టే ఇంకో మెరుగైన పద్ధతికి మారిస్తే రెండు గంటలు మూడో, మూడున్నరో కావచ్చు. ఇది నా అంచనా మాత్రమే సుమా. ఒక చిక్కు కూడా ఉంది. పద్ధతి మారితే చిప్ డిజైన్‌లో చాలా భాగం మళ్లీ గీయాలి, దానికి బోలెడు డబ్బు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో చిప్ చిన్నదైతే చవకయ్యేది. ఇప్పుడు ఆ ధైర్యం లేదు. పైగా ఏఐ డేటా సెంటర్లవాళ్లు మెమరీ చిప్‌లు ఎగబడి కొనడంతో 2025 చివర్లో వాటి ధరలు బాగా పెరిగాయి. స్విచ్ 2లో 12 జీబీ మెమరీ ఉంది. అందుకని, ఆగితే చవకవుతుందన్న వాదన కూడా నాకు ఎక్కలేదు.

తక్కువ బలంతో పెద్ద తెర నింపడానికి ఇందులో డీఎల్ఎస్ఎస్ అనే ఉపాయం వాడతారు. చిప్ బొమ్మను చిన్న సైజులో గీస్తుంది, చుక్కలు చూసి మీ నానమ్మ ముగ్గు పూర్తి చేసినట్టు మిగతాది ఏఐ పూర్తి చేస్తుంది. ఇలాంటిది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లతోనే మెరుగుపడొచ్చు, కొత్త మిషన్ అక్కర్లేదు.

తెర విషయంలో మాత్రం చిన్నా ఆశ న్యాయమైనదే. ఇప్పుడున్నది 7.9 అంగుళాల ఎల్‌సీడీ, 1080పీ, 120 హెర్ట్జ్ (అంటే సెకనుకు 120 సార్ల దాకా బొమ్మ మార్చగలదు). బొమ్మ వేగంగా కదిలితే అలుకుతుందని చాలామంది ఫిర్యాదు. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపించేది) అని రాసి ఉన్నా, వెనక లైటు వెలిగే ఎల్‌సీడీలో నలుపు నిజంగా నల్లగా ఉండదు. ఓలెడ్‌లో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, నలుపు కావాలంటే ఆరిపోతుంది. కానీ స్విచ్ 2 తెర, ఆట వేగాన్ని బట్టి తన వేగాన్ని మార్చుకుంటుంది. వీఆర్ఆర్ అంటారు దాన్ని. ఓలెడ్‌లో అలా వేగం మారుతుంటే వెలుగు మినుకుమనే ఇబ్బంది ఉంది. వాల్వ్ కంపెనీ 2023 నవంబర్‌లో స్టీమ్ డెక్ ఓలెడ్ అనే చేతి ఆట మిషన్ తెచ్చినప్పుడు 90 హెర్ట్జ్ ఇచ్చింది, వీఆర్ఆర్ ఇవ్వలేదు. పోతే వాళ్లు 7 నానోమీటర్ల చిప్‌ను 6కు మార్చి, బ్యాటరీని 40 నుంచి 50 వాట్ అవర్లకు పెంచారు. ఆటల వేగాన్ని దాదాపు అలాగే ఉంచారు. నింటెండో ఏం చేయొచ్చో ఊహించడానికి ఇంతకంటే మంచి నమూనా నాకు కనిపించలేదు.

ఇంకోటి ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, నాకు మాత్రం అన్నిటికంటే నచ్చినది. చేత్తో పట్టుకునే పరికరాల బ్యాటరీని కొనుక్కున్నవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలు. స్విచ్ 2లో బ్యాటరీని గట్టిగా జిగురుతో అంటించారు. రిపేరు చేయడం ఎంత సులువో మార్కులేసే ఐఫిక్సిట్ దీనికి 10కి 3 ఇచ్చింది. యూరప్‌లో అమ్మాలంటే లోపలి అమరిక మార్చక తప్పేలా లేదు. నాలుగైదేళ్లు వాడాక ఏ బ్యాటరీ అయినా నీరసిస్తుంది, అప్పుడు ఈ మార్పు విలువ తెలుస్తుంది.

జాయ్‌స్టిక్ కూడా అంతే. పాత స్విచ్ పక్కన తగిలించే జాయ్‌కాన్ కంట్రోలర్లలో ముట్టుకోకుండానే బొమ్మ పక్కకు జరిగిపోయే జబ్బు మీకు తెలిసిందే. లోపల కార్బన్ పూత మీద లోహపు ముక్క రాసుకుంటుంది, అరిగితే తప్పుడు కొలత వస్తుంది. అయస్కాంతంతో కొలిచే హాల్ ఎఫెక్ట్ రకమైతే అరుగుదలే ఉండదు. స్విచ్ 2లో అది వాడలేదని కంపెనీయే ఒప్పుకుంది. ముందు ముందు మార్చాలని నేను కోరుకునేది ఇదొక్కటే. కంట్రోలర్ ఊడివచ్చేదే కాబట్టి దాన్ని మార్చడానికి కొత్త మిషనే కొననక్కర్లేదు కూడా.

కాబట్టి చిన్నా, బాబాయిని ఆపకు. ఆడాలనుకున్న ఆట ఒక్కటీ లేకపోతే ఆగు, ఉంటే తెప్పించుకో. మన దగ్గర నింటెండో దీన్ని అధికారికంగా అమ్మదు, రిపేరొస్తే మళ్లీ అమెరికాకే పంపాలి, కాబట్టి బిల్లు దాచమనండి. జపాన్‌లో చవగ్గా దొరికే మోడల్ జోలికి పోవద్దు, అందులో జపనీస్ తప్ప వేరే భాష ఉండదు. పాత మెమరీ కార్డులు ఆటలకు పనికిరావు, మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ అని రాసి ఉన్నదే కావాలి. లోపల 256 జీబీ ఉంది కాబట్టి మొదటి రోజే కొనక్కర్లేదు. మీ ఇద్దరికీ కావలసిన ఆటల పేర్లు, ఒక్కోటి ఎన్ని జీబీలో రాసి పంపండి. కార్డు కావాలో వద్దో కూడి చూసి నేను చెప్తాను.

ఇట్లు,
మీ తాతయ్య