ఉరుము లెక్కతోని మిల్లీమీటర్లు

చౌటుప్పల్ దిక్కు ఒక ప్యాలెట్ల యూనిట్ల మెయింటెనెన్స్ చూసే పిలగాడు, ఒకప్పుడు నా దగ్గర డిప్లొమా చదివినోడు, మొన్న ఫోన్ చేసి అడిగిండు. "సార్, కొత్త మిషన్ సిలిండర్ల లోపల ఒక సన్న స్టీలు కడ్డీ ఉంది, పిస్టన్‌కు ఒక రింగు అయస్కాంతం ఉంది, రెండూ ఒకదానికొకటి తాకనే తాకవు. మరి పిస్టన్ యాడుందో మిల్లీమీటర్ల వందో వంతు దాకా ఎట్ల చెప్తుంది సార్?" వానికి ట్రాన్స్‌డ్యూసర్లని ఒక చాప్టర్ మొత్తం నేనే చెప్పిన, గని అండ్ల ఇది లేకుండె. పరీక్షల రాదంటే మనం చెప్పం, వాళ్లు అడగరు, గట్లనే నడుస్తుంది కత.

ప్యాలెట్ అంటే ఏందో విడమర్చేది ఏం లేదు, మిర్యాలగూడ రైస్ మిల్లు గోదాంలకు పోయినా, జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా కంపెనీల దిక్కు పోయినా ఫోర్క్‌లిఫ్ట్ లేపే చెక్క బల్లనే. యూరో ప్యాలెట్ అంటే 1200 బై 800 మిల్లీమీటర్లు, 11 పలకలు, 9 దిమ్మెలు, 78 మొలలు. ఇరిగిన పలక తీసి కొత్తది కొట్టుడే రిపేరు. చేత్తోని అయితే గడ్డపార, సుత్తె. మిషన్ల అయితే పలకకు దిమ్మెకు నడుమ ఉన్న సందుల నుంచి బ్యాండ్‌సా బ్లేడు పోయి మొలలను కోస్తది, బ్లేడు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటది, ఎత్తు రెండు మిల్లీమీటర్లు తప్పితే మంచి చెక్కనే చీరుకుంట పోతది. మొలలు ఒత్తే ప్రెస్సుల రెండు సిలిండర్లు జోడెడ్ల లెక్క సమంగ దిగాలె, ఒకటి ముందు ఉరికితే కొత్త పలక కూడా ఫట్టుమని పలుగుతది. అందుకే సిలిండరు యాడుందనేది అంత కచ్చితంగ తెలవాలె.

ఇగ అసలు ముచ్చట. చిన్నప్పుడు మెరుపు మెరిస్తె మా నాయనమ్మ "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని మొదలువెట్టేది. పది పేర్లు చదివితే పిడుగు పడదంట. పిడుగుకు అర్జునుని భయం ఉందో లేదో గని, ఆమెకు తెల్వకుండనే ఆమె చేతుల ఒక స్టాప్‌వాచ్ ఉండె. పేరుకొక సెకను అనుకోండ్రి. మెరుపు వెలుగు అప్పటికప్పుడే కండ్లవడ్తది, చప్పుడు మాత్రం సెకనుకు 340 మీటర్ల లెక్క మెల్లగ వస్తది. "పార్థా" అన్నంక ఉరిమితే పిడుగు కిలోమీటరు అవతల పడ్డట్టు, పది పేర్లు అయిపోయినంక ఉరిమితే మూడు కిలోమీటర్ల మీద. ఇగ "అర్జునా" అనకముందే ఉరిమితే పేర్లు ఆపి ఇంట్లకు ఉరకాలె.

సిలిండర్ల ఉన్న ఆ కడ్డీ, అంటే పిస్టన్ యాడుందో చెప్పే సెన్సారు, చేసేది అచ్చం గిదే. కడ్డీ అసలు ఒక గొట్టం, దాని లోపల సన్నటి తీగ ఉంటది. ఎలక్ట్రానిక్స్ ఉన్న తల దిక్కు నుంచి తీగలకు ఒక్క క్షణం కరెంటు దెబ్బ కొడ్తరు, అది మెరుపు, తీగ పొడుగునా దాదాపు వెంటనే పాకుతది. కరెంటు పోయే తీగ చుట్టూ గాజు లెక్క గుండ్రంగ అయస్కాంత క్షేత్రం పుడ్తది. పిస్టన్‌కున్న రింగు అయస్కాంతం క్షేత్రం ఏమో తీగ పొడుగు దిక్కు ఉంటది. ఆ రెండూ కలిసిన కాడ క్షేత్రం తాడు పేనినట్టు మెలిక తిరుగుతది. ఇనుము జాతి లోహాలకు ఒక గుణం ఉంది, అయస్కాంత క్షేత్రంల పెడ్తె పది లక్షల వంతుల్ల కొన్ని వంతులు సాగుతయి లేదా ముడుసుకుంటయి. 1842ల జేమ్స్ జూల్ ఇనుములో పట్టిన సంగతి ఇది, బాయికాడి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్ మనేది కూడా చానా మటుకు ఇందుకే, 50 హెర్ట్జ్ కరెంటుకు కోరు సెకనుకు నూరు సార్లు సాగి ముడుసుకుంటది. క్షేత్రం మెలిక తిరిగితే తీగ కూడా ఆ ఒక్క చోట తడి తువ్వాల పిండినట్టు మెలి పడ్తది. వీడెమాన్ ప్రభావం అంటరు దీన్ని.

ఆ మెలి అండ్లనే ఉండదు, అల లెక్క మారి తీగల రెండు దిక్కులా ఉరుకుతది. అదే ఉరుము. వేగం సెకనుకు సుమారు 2800 మీటర్లు, అంటే మైక్రోసెకనుకు 2.8 మిల్లీమీటర్లు. తల కాడ ఒక చిన్న కాయిల్ చెవి పెట్టి ఉంటది, మెరుపుకు ఉరుముకు నడుమ టైము లెక్కవెట్టి వేగంతోని గుణిస్తె దూరం. 1.2 మీటర్ల అవతలి నుంచి వచ్చేటందుకు 430 మైక్రోసెకన్లే కాబట్టి సెకనుకు రెండు వేల సార్లు కొలవొచ్చు. ఒక్క మైక్రాన్, అంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు, తేడా పట్టాలంటే మాత్రం 0.36 నానోసెకన్ పట్టాలె, ఆ లోపల కాంతే జానెడు కూడా పోదు!

రెండో దిక్కు ఉరికిన ఉరుము కొస కాడ తాకి తిరిగొస్తె లెక్క చెడ్తది, లతీఫ్‌సాబ్ గుట్టకు తాకి ఉరుము రెండోసారి ఇనవడ్డట్టు. అందుకని కొసకు అలను మింగే మెత్తటి పదార్థం పెడ్తరు. మన ఎండలకు తీగ వేగం మారదా అని కూడా అడిగిండు పిలగాడు, మంచి ప్రశ్న. నికెల్, ఇనుము, క్రోమియం కలిపిన ఎలిన్వార్ జాతి లోహాలకు వేడి పెరిగినా బిగువు దాదాపు మారదు, గడియారం స్ప్రింగులకని గిట్లాంటి లోహాల మీద పనిచేసిన గియోమ్‌కు 1920ల ఫిజిక్స్ నోబెల్ ఇచ్చిండ్రు. తీగలు ఆ జాతివే. ఈ కొలిచే పద్ధతికి అమెరికాల జేకబ్ టెల్లర్మన్‌కు 1975ల పేటెంట్ వచ్చింది. అంతకన్నా ముందే, 1965 నాటి ఒలివెట్టి ప్రోగ్రామా 101 లెక్కల మిషన్ల గిట్లాంటి తీగ చుట్టనే మెమొరీ, 240 బైట్లు తీగల అలలుగ తిరుగుతుండేవి, నాకైతే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

పాత మిషన్ల ఈ పనికి రాసుకుంట జరిగే పొటెన్షియోమీటర్ ఉండె, పాత రేడియో వాల్యూమ్ నాబ్ అక్కచెల్లె. రంపపు పొట్టు పోయి గరగర మొదలైతే సిలిండరు ఎగిరెగిరి పడేది. ఇంకోదాంట్ల అడుగులు లెక్కవెట్టే ఎన్‌కోడర్ ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లెక్క మర్చిపోయి, మళ్ల మొదటికాడికి పోయి సున్నా నుంచి లెక్కవెట్టాలె. ఉరుము పద్ధతికి ఏదీ యాద్ పెట్టుకునే పని లేదు, కరెంటు రాంగనే ఒక మెరుపు కొడ్తది, సమాధానం చేతుల ఉంటది.

గంత మంచిది గూడ మొన్న ఆగింది. ఆ మిషన్ల టేబుల్ జరిపే సిలిండరుకు సెన్సారు లోపల కాకుండ బయట అల్యూమినియం పట్టీల ఉంటది. టేబుల్ కదులుతుంది, స్క్రీన్ మీద అంకె మాత్రం కదలదు, మిషన్ ఫాల్ట్ కొట్టి ఆగుతుంది. అమాసనాడు బిగిచ్చిండ్రు గందుకే అని లేబర్ వాళ్లు నిమ్మకాయ, మిరపకాయలు కట్టిండ్రు. పిలగాడు ఫోటోలు పంపితే చూసిన. సెన్సారు తల పక్క స్టీలు బ్రాకెట్‌కు, పానలు అతికిచ్చుకోడానికి ఎవరో పాత స్పీకర్ అయస్కాంతం తగిలిచ్చిండ్రు. తీగకు ఇప్పుడు రెండు ఉరుములు. తలకు దగ్గర ఉన్నది ముందొస్తది, మిషన్ మొదటి ఉరుమునే నమ్ముతది, అది యాడికీ కదలకపాయె.

అయస్కాంతం తీసేసినంక మిషన్ నడిచింది. నిమ్మకాయ ఇంకా అండ్లనే ఉంది, పేరు దానికే వచ్చిందంట.