పక్కింటి గుమ్మం ముందు చిన్న చెప్పులు

క్రోంపేట, చెన్నై

పిల్లలూ,

మీరు ముగ్గురూ కలిసి రాసిన కథ అందింది. మీ అమ్మ వాట్సాప్‌లో పంపిన ఫొటోలు నా కళ్లకి ఆనలేదు. వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని రెండుసార్లు చదివాను. మద్రాసులో పుట్టి పెరుగుతూ కూడా తెలుగులో రాశారు, అది చూసే కడుపు నిండింది.

ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పి ఊరుకుందామనుకున్నాను. కానీ పక్కింట్లో ఎవరికీ తెలియని చీకటి సంగతి ఏదో ఉంది అన్న కథ మీద నేను చెప్పాల్సింది నాలుగు మాటల్లో తేలదు. అందుకే ఉత్తరం.

ముందు నాకు బాగా నచ్చిన చోటు. అయిదో అంతస్తులో ఒంటరిగా ఉండే అంకుల్ గుమ్మం ముందు ఒకరోజు పొద్దున్నే చిన్నపిల్ల చెప్పులు కనిపిస్తాయి. అరచెయ్యంత ఉన్నాయి, ఒకదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది అని రాశారు. ఆ పిన్నీసు దగ్గర నేను ఆగిపోయాను. ఎవరు పెట్టారు అది? పిల్ల ఏది? దెయ్యం లేదు, కత్తి లేదు, నెత్తురు లేదు. ఉత్త పిన్నీసు. అయినా గుండె దడదడలాడింది.

తర్వాత మీరు ఆ చెప్పుల సంగతే మర్చిపోయారు! మూడో పేజీ నుంచి అర్ధరాత్రి అరుపులు, నల్ల కవర్లు, లిఫ్ట్‌లో రక్తం మరకలు, చివరికి సంపులో శవం. చెప్పులు ఎవరివో ఎక్కడా లేదు. చదివేవాళ్లకి ఒక వస్తువు అంత దగ్గరగా చూపించాక దాని లెక్క మీరు అప్పజెప్పాలి. లేకపోతే ఇంకోసారి మీరు ఏం చూపించినా నమ్మరు.

హిచ్‌కాక్ అనే దర్శకుడి పేరు వినే ఉంటారు. 1962లో త్రూఫో అనే ఫ్రెంచి దర్శకుడు ఆయనతో రోజుల తరబడి కూర్చుని మాట్లాడాడు. ఆ సంభాషణ 1966లో పుస్తకంగా వచ్చింది. అందులో హిచ్‌కాక్ చెప్పిన ఉదాహరణ ఒకటుంది. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉందని మనకి తెలియదు. ఢామ్మని పేలింది. మనం ఉలిక్కిపడేది పదిహేను సెకన్లు. అదే బాంబు ఒంటిగంటకి పేలుతుందని మనకి ముందే తెలిసి, గోడ గడియారం పావు తక్కువ ఒంటిగంట చూపిస్తుంటే? వాళ్లు అవే కబుర్లు చెప్పుకుంటారు, మనకి మాత్రం పదిహేను నిమిషాలు ఊపిరాడదు.

మీ కథలో శవం మొదటి రకం. చెప్పులు రెండో రకం అయ్యేవి. పిల్ల లోపలే ఉందని మాకు ముందే తెలియనివ్వండి. కొళాయి బాగుచెయ్యడానికి ప్లంబర్ వస్తాడు. హాల్లో నిలబడి మంచినీళ్లు తాగుతున్నాడు. అతని వెనక పడకగది తలుపుకి బయటి నుంచి గడియ వేసి ఉంది. అతను వెనక్కి తిరుగుతాడా, డబ్బులు జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడా? ఇంతే రాయండి, నేను ఆ రాత్రి నిద్రపోను.

ఇలాంటి కథలన్నీ ఊరి అంచున ఉండే కాలనీల్లోనే ఎందుకు జరుగుతాయని అడిగారు కదా. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికాలో ఇళ్లు చాలక, న్యూయార్క్ పక్కన లెవిట్‌టౌన్ అని ఒక ఊరే కట్టారు. 1947లో మొదలుపెట్టి 1951కల్లా పదిహేడు వేలకు పైగా ఇళ్లు. అన్నీ దాదాపు ఒక్కలాంటివే. ఇళ్ల మధ్య కంచె వేయకూడదు, బట్టలు ఆరేసుకోవడానికి కూడా రూల్స్. బయటి నుంచి చూస్తే ఏ ఇంటికీ ఏ తేడా లేదు. అలాంటి వీధిలో నడిచే మనిషికి, లోపల కూడా అందరూ ఒకేలా ఉంటారా అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. అక్కడి కథలు ఆ ప్రశ్నలోంచే పుట్టాయి. మీ ఓఎంఆర్, అదే పాత మహాబలిపురం రోడ్డు, ఫ్లాట్లూ అంతేగా. ఒకే రంగు తలుపులు, ఒకే సైజు బాల్కనీలు, గోడకి అవతల మనిషి దగ్గితే వినిపిస్తుంది, ఆ మనిషి పేరు మాత్రం తెలియదు.

అయితే అమెరికా పచ్చికని మీ కథలోకి తేవద్దు. మన వీధుల్లో దొరికే ఆనవాళ్లు ఇంకెక్కడా దొరకవు. పొద్దున్నే వాకిట్లో ముగ్గు పడకపోతే ఆ ఇంట్లో ఏదో జరిగిందని మద్రాసు వీధికి తెలుస్తుంది. గేటుకి తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు రెండు రోజులవి అలాగే ఉంటే తెలుస్తుంది. నాకు ఇంకా ఇష్టమైనది కరెంటు మీటరు. ఇక్కడ రీడింగ్ రెండు నెలలకోసారి తీస్తారు. మొదటి కొన్ని యూనిట్లు ఉచితం కాబట్టి తాళం పెట్టిన ఇంటికి కట్టాల్సిందేమీ ఉండదు. అనుకోండి, ఒక ఇల్లు సంక్రాంతి నుంచీ తాళం వేసి ఉంది. ఇంటివాళ్లు అమెరికాలో కొడుకు దగ్గరున్నారు. రీడింగ్‌కి వచ్చినావిడ అంకె రాసుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. మూడు వందల నలభై. ఈ ఒక్క అంకె మీద మీరు ఇరవై పేజీల కథ నడపొచ్చు. ఫ్యాను తిరుగుతోందా లోపల? ఎవరి కోసం?

ఇప్పుడు కష్టమైన మాట. కోపం తెచ్చుకోకండి.

మీ కథలో ఆ అంకుల్ని హంతకుడిని ఎందుకు చేశారు? మీరు రాసిన కారణాలే చెప్తున్నాను. ఎవరితోనూ మాట్లాడడు, హిందీవాడు, రాత్రి వెళ్లి తెల్లారి వస్తాడు, పెళ్లి కాలేదు. నాన్నా, మీ రోడ్డు పొడుగునా అమెరికా టైముకి పనిచేసే ఆఫీసులే. మీ బ్లాకులో సగంమంది తెల్లారే వస్తారు. భాష రాక మాట్లాడడేమో. నల్ల కవర్లో ఉన్నది చెత్తేమో. పైగా నేను మీ ఇంటికి వచ్చినప్పుడు లిఫ్ట్ తలుపు పట్టుకుని నన్ను ఎక్కనిచ్చిన అబ్బాయే ఆయన అని నాకు అర్థమైంది. మీ ఫ్రెండ్స్ చదివితే వాళ్లకీ అర్థమవుతుంది. రేపటి నుంచి ఆ అబ్బాయిని చూసి చిన్నపిల్లలు పక్కకి తప్పుకుంటే ఆ తప్పు ఎవరిది? ఆ మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా మార్చేదాకా ఈ కథ ఎవరికీ చూపించొద్దు. ఈ ఒక్కటీ గట్టిగానే చెప్తున్నాను.

ఇందాకటి లెవిట్‌టౌన్ సంగతి పూర్తిచెయ్యలేదు. దాన్ని కట్టిన కంపెనీయే పెన్సిల్వేనియాలో అదే పేరుతో ఇంకో ఊరు కట్టింది. తెల్లవాళ్లకి తప్ప ఇల్లు అమ్మేవాళ్లు కాదు. 1957 ఆగస్టులో మయ్యర్స్ అనే నల్లజాతి కుటుంబం అక్కడ ఒక ఇల్లు కొనుక్కుని దిగింది. భార్య, భర్త, చిన్నపిల్లలు. సాయంత్రమయ్యేసరికి ఇంటి ముందు జనం పోగయ్యారు. రాత్రి తర్వాత రాత్రి వచ్చారు, రాళ్లు విసిరి కిటికీ అద్దాలు పగలగొట్టారు. వాళ్లంతా ఎవరు? పగలంతా పచ్చిక కత్తిరించుకుని పక్కవాళ్లకి నవ్వుతూ చెయ్యూపేవాళ్లే. కొత్తగా వచ్చిన ఇంట్లో దాచుకున్నది ఏమీ లేదు. ఉన్నదంతా పాతవాళ్ల మనసుల్లో ఉంది. అందుకే వీధిలో కొత్తగా దిగిన మనిషి మీదకే అనుమానమంతా తోసే కథ చదివితే నాకు మనసు ఒప్పదు.

మా రోజుల్లో అద్దె లైబ్రరీలో డిటెక్టివ్ పుస్తకాలు తెచ్చుకుని తెల్లారేలోపు చదివి ఇచ్చేసేవాళ్లం. వాటిలో హంతకుడు ఎక్కడి నుంచో వస్తాడు, డిటెక్టివ్ పట్టుకుంటాడు, పుస్తకం మూసేసి హాయిగా పడుకుంటాం. పక్కింటి కథ అలా పడుకోనివ్వదు. అందులో గోడకి ఇవతల ఉన్నవాళ్లు కూడా ఉంటారు, విన్నవాళ్లు. నేను విన్నదాన్ని. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా చెప్పలేదు.

మీ అమ్మ రెండో క్లాసులో ఉండగా మాంబలం వైపు వరసగా ఉండే పోర్షన్లలో ఒకదాంట్లో అద్దెకుండేవాళ్లం. పక్క పోర్షన్‌లో మన తెలుగువాళ్లే, కొత్త జంట. ఆయన ఎదురైతే ‘నమస్కారం అక్కయ్యగారూ’ అనేవాడు, పండగకి మా పిల్లలకి బాణసంచా తెచ్చేవాడు. రాత్రిళ్లు గోడ అవతల గిన్నెలు పడేవి. తర్వాత ఏడుపు, అదీ నోరు నొక్కుకున్న ఏడుపు. మీ తాతయ్య లేచి రేడియో సౌండ్ పెంచేవారు. నేను వద్దనలేదు. ‘మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు’ అన్నది ఆయన కాదు, నేనే. ఒకసారి ఆవిడ మోచెయ్యి వాచి ఉంది. బాత్రూమ్‌లో జారానంది. నేను పసుపు, సున్నం కలిపి పట్టు వేసి పంపించాను.

ఆవిడ రోజూ సాయంత్రం ఒక చిన్న స్టీలు గిన్నె పట్టుకుని వచ్చేది. ‘అక్కయ్యగారూ, కాస్త తోడు పెడతారా?’ నేను రెండు చెంచాల పెరుగు వేసి ఇచ్చేదాన్ని. వెంటనే వెళ్లేది కాదు. గుమ్మం పట్టుకుని నిలబడేది, మీ అమ్మ హోంవర్కు చేస్తుంటే చూసేది. రోజూ పెరుగు తోడుపెట్టుకునే ఇంట్లో తోడు రోజూ ఎలా అయిపోతుంది? ఈ ప్రశ్న నాకు వాళ్లు వెళ్లిపోయాక తట్టింది. ఒకరోజు తెల్లవారకముందే లారీ వచ్చింది, సామాను ఎక్కించారు, ఎవరికీ చెప్పలేదు. మళ్లీ ఆవిడ కబురు తెలియలేదు.

ఇప్పుడు చట్టం ఉంది. గృహహింస నుంచి మహిళల రక్షణకి 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని నాలుగో సెక్షను మీరు పెద్దయ్యేలోపు ఒకసారి చదవండి. ఇంట్లో హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే పక్కింటివాళ్లయినా సరే ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసరుకి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు రాదు. ఆడవాళ్ల కోసం 181, పిల్లల కోసం 1098, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. మీకు ఎప్పుడైనా నిజంగా ఏదైనా వినిపిస్తే కథ రాయడానికి కూర్చోకండి, తలుపు చాటున నక్కి వీడియోలు తీయకండి. అమ్మకో నాన్నకో చెప్పండి. వాళ్లు ‘మనకెందుకు’ అంటే నాకు ఫోన్ చెయ్యండి. ఎంత రాత్రయినా సరే.

కథ మాత్రం మానొద్దు. ఆ శవాన్ని తీసేసి, చెప్పుల దగ్గర నుంచి మళ్లీ రాయండి. ఈసారి అంకుల్ వైపు నుంచి కాదు, ఎదురు ఫ్లాట్‌లో ఉండి ఆ చెప్పులు మూడు రోజులు చూసి కూడా బెల్లు కొట్టని ఆవిడ వైపు నుంచి రాయండి. ఆవిడ ప్రతిసారీ తనకి తాను ఏం చెప్పుకుని తలుపేసుకుందో, అది రాయగలిగితే ఈ కథలో మీకు ఇంకెవరి సాయమూ అక్కర్లేదు. అక్కడ ఎక్కడైనా ఆగిపోతే నన్ను అడగండి, నాకు తెలుసు.

వచ్చే శనివారం ఇంటికి రండి. ఆవిడ గిన్నె ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది, చూపిస్తాను. చివరిరోజు సాయంత్రం తోడు వేసిచ్చే ముందే వాళ్లాయన కేకేశాడు, గిన్నె వదిలేసి పరిగెత్తింది. అంచు మీద పేరు చెక్కి ఉంది. ఆవిడ పేరు కాదు, వాళ్ల నాన్నగారిది.

మీ అమ్మమ్మ