"నొప్పి తగ్గిపోయింది కదమ్మా!" – రూట్ కెనాల్ మీద అపోహలు, వాస్తవాలు

రాత్రి పదకొండున్నరకు ఫోన్. "మేడం, పండుకుంటే పన్ను ఇంకా గుంజుతున్నది. లేసి కూసుంటే జర నయం. సల్లనీళ్లు నోట్లె పోసుకుంటే ఆగుతున్నది, మళ్ల షురూ అయితున్నది." చంపాపేటలో ఉండే పెద్దాయన. నొప్పి మాత్ర చెప్పి పొద్దున్నే రమ్మన్నాను. రాలేదు. నాలుగో రోజు కొడుకు బలవంతం మీద వచ్చి, కుర్చీలో కూర్చుంటూనే అన్నారు: "నొప్పి తగ్గిపోయింది కదమ్మా, ఇగ రూట్ కెనాల్ ఎందుకు?"

దిల్‌సుఖ్‌నగర్‌లో డెంటల్ క్లినిక్ పెట్టినప్పటి నుంచి నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. కాబట్టి దీంతోనే మొదలుపెడతాను.

అపోహ: నొప్పి పోతే జబ్బు పోయినట్టే.

పన్నుకి పైన ఎనామెల్, దాని కింద డెంటిన్, నడుమ పల్ప్ ఉంటాయి. అందరూ "నరం" అనేది ఈ పల్ప్‌నే. అందులో నరాలతో పాటు రక్తనాళాలు కూడా ఉంటాయి. జబ్బుపడ్డ పల్ప్‌ని తీసి, వేర్లలో అది ఉండే సన్నటి దారులను, అంటే కెనాల్స్‌ని, శుభ్రం చేసి నింపడమే రూట్ కెనాల్. పుచ్చు అక్కడిదాకా దిగితే పల్ప్ వాస్తుంది. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది. ఇక్కడ చుట్టూ గట్టి గోడ, వాపుకి చోటు లేదు. పడుకుంటే తలలో రక్తం ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి రాత్రిళ్లు సలుపు ఎక్కువ. ఆ తర్వాత పల్ప్ చచ్చిపోతుంది. నొప్పిని చెప్పే నరమే చచ్చాక ఇక నొప్పెక్కడిది?

దూది ఉండ మీద చల్లటి స్ప్రే కొట్టి ముందు ఆయన పక్క పన్నుకి తాకించాను. "అబ్బా" అని తల వెనక్కి లాక్కున్నారు. మళ్లీ అలాగే చల్లబరిచి పుచ్చిన దవడపన్నుకి ఆనించి పది లెక్కపెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఎక్స్‌రేలో ఒక వేరు చివర కందిగింజంత నల్లటి నీడ. ఎముక కరిగిన చోటు అది. నాలుగు రోజుల్లో అంత నీడ రాదు. ఆ వేరులో పల్ప్ ఎప్పుడో పోయింది, రెండో వేరులోది మొన్న రాత్రి గోల చేసి పోయింది. పన్ను తెరిచాక వచ్చిన వాసన మాస్కు ఉన్న నాకే కాదు, ఆయనకూ తెలిసింది. ఆ తర్వాత ప్రశ్నలు లేవు.

అపోహ: యాంటీబయాటిక్ వాడితే సరిపోతుంది.

మెడికల్ షాపులో "పంటి నొప్పికి గోలీలియ్యండి" అని నాలుగు మాత్రలు తెచ్చుకోవడం మన ఊళ్లో మామూలే. మందు రక్తంలో ప్రయాణించి చేరాలి కదా. చచ్చిన పల్ప్‌లోకి రక్తమే పోదు. దవడ వాచి, జ్వరం వచ్చినప్పుడు యాంటీబయాటిక్ అవసరం, కానీ అప్పుడు కూడా లోపలి చీము బయటికి తీయాల్సిందే. ఒక హెచ్చరిక: వాపు దవడ కిందికి దిగి, మింగడం కష్టమై, నోరు తెరుచుకోకపోతే నా లాంటి చిన్న క్లినిక్‌కి రావద్దు. ఏ అర్ధరాత్రైనా సరే, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి. ఊపిరికి అడ్డం పడే వాపు అది. లవంగం సంగతి కూడా యాంటీబయాటిక్ లాంటిదే. అందులోని యూజినాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, మేమూ కొన్ని సిమెంట్లలో వాడతాం. లోపలి జబ్బు మాత్రం దానికి తగ్గదు. చిగురుకీ బుగ్గకీ మధ్య ఆస్పిరిన్ మాత్ర నొక్కిపెట్టుకుని, చర్మం తెల్లగా కాలిపోయి వచ్చేవాళ్లను చూస్తే మాత్రం నాకు కోపం ఆగదు.

అపోహ: చేసేటప్పుడు ప్రాణం పోయినంత నొప్పి.

లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే మందు సూది పనిచేశాక మిగిలేది డ్రిల్లు చప్పుడు, నోరు తెరిచి తెరిచి దవడ నొప్పి. అయితే అన్నిసార్లూ మొదటి సూదికే మొద్దుబారుతుందని చెబితే అబద్ధమవుతుంది. కింది దవడపన్ను మంట మీదున్నప్పుడు ఒక్కోసారి పెదవి మొత్తం మొద్దుబారినా పన్ను లొంగదు. అప్పుడు పన్ను పక్కనే ఇంకో సూది వేస్తాం. నొప్పనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమంటాను, ఎత్తగానే ఆపుతాను. చెప్పకుండా పళ్ల బిగువున ఓర్చుకునేవాళ్లంటేనే నాకు భయం. ఇంటికెళ్లాక కొరికితే కొన్ని రోజులు నొప్పిగా ఉండొచ్చు, అది మామూలే. రోజురోజుకీ పెరిగితే మాత్రం రావాలి.

పై పన్ను జోలికి పోతే కళ్లు పోతాయట. పోవు. చూపు నరం వేరు, పంటి నరం వేరు.

అపోహ: నరం తీసిన పన్ను ఎలాగూ ఊడిపోతుంది, క్యాప్ దండగ.

పన్నుని పట్టి ఉంచేది లోపలి పల్ప్ కాదు, వేరు చుట్టూ ఉండే లిగమెంటు (వేరుని ఎముకకి కట్టి ఉంచే నార), ఎముక. అవి బాగుంటే పన్ను ఏళ్ల తరబడి నిలుస్తుంది. కానీ పుచ్చుకి సగం, మేం దారి చేసుకోవడానికి కొంత పోయాక, దవడపన్ను పలచటి గోడలతో మిగులుతుంది. నమిలే బరువంతా దాని మీదే. అందుకే క్యాప్.

మా దగ్గర ఒకావిడకి కెనాల్స్ శుభ్రం చేసి, గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో నింపి, పైన తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టి, క్యాప్ కోసం వారంలో రమ్మన్నాం. ఇంట్లో పెళ్లి, ఆ తర్వాత పండగ, పైగా నొప్పి లేదు. సంక్రాంతికి సకినం కొరికితే పన్ను నిలువునా పగిలింది. గీత వేరులోకి దిగింది. ఇక ఎవరి చేతిలోనూ ఏమీ లేదు, తీసేశాం. "చేసిన రూట్ కెనాల్ ఉత్తగనే పాయె" అన్నారామె. తాత్కాలికం అన్న మాట నేను ఇంకా గట్టిగా చెప్పాల్సిందేమో.

అపోహ: ఒకసారి చేస్తే ఫెయిలవదు.

అవుతుంది. పై మొదటి దవడపన్నుకి సాధారణంగా మూడు వేర్లే ఉన్నా, చాలాసార్లు నాలుగో కెనాల్ వెంట్రుక సందులా దాక్కుని ఉంటుంది. అది తప్పిపోతే జబ్బు మిగిలినట్టే. పరికరాలూ మొరాయిస్తాయి. నా చేతిలోనే ఒకసారి, వంపు తిరిగిన కెనాల్‌లో, నికెల్-టైటానియం ఫైలు (కెనాల్‌ని గీకి శుభ్రం చేసే సన్నటి పరికరం) కొస విరిగింది. మెల్లగా తిరుగుతున్నది చటుక్కున తేలికైపోయింది. బయటికి తీసి చూస్తే రెండు మిల్లీమీటర్లు తక్కువ. పేషెంటుకి అప్పుడే ఎక్స్‌రే చూపించి చెప్పాను. "లోపల ఇనుపముక్క ఉంటే సెప్టిక్ కాదా?" అన్నాడు. ముక్క వల్ల ప్రమాదం తక్కువ, దాని అవతల శుభ్రం కాకుండా ఉండిపోయే భాగమే సమస్య. మైక్రోస్కోపు ఉన్న ఎండోడాంటిస్టు (రూట్ కెనాల్ స్పెషలిస్టు) దగ్గరికి పంపాను, ఆయన తీశారు. మీ పన్నులో అలా జరిగితే అడిగి తెలుసుకునే హక్కు మీది.

రూట్ కెనాల్‌తో క్యాన్సర్ వస్తుందన్న వాట్సాప్ మెసేజ్ వెనక వందేళ్ల నాటి వాదం ఉంది. 1920లలో వెస్టన్ ప్రైస్ అనే అమెరికన్ డెంటిస్టు, ఇలాంటి పళ్లే ఒంట్లో రకరకాల రోగాలకు మూలమన్నాడు. ఆ రోజుల్లో బతికించగలిగే పళ్లు కూడా ఎన్నో పీకేశారు. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఆ వాదం నిలబడలేదు.

ఇక పిల్లల సంగతి. "పాలపన్నే కదా, ఊడిపోతుంది" అంటూ ఏడెనిమిదేళ్ల పిల్లల్ని తెస్తారు. చూస్తే అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే అన్నిటికీ వెనక మొలిచే దవడపన్ను, జీవితాంతం ఉండాల్సింది. ఆ వయసులో దాని వేర్ల కొసలు ఇంకా మూసుకోవు, కాబట్టి పెద్దవాళ్లకు చేసినట్టు చేయడం కుదరదు. పల్ప్‌లో కొంతైనా బతికించుకుంటే వేరు పెరగడం పూర్తవుతుంది, అందుకే తొందరగా తేవాలి. ఈ రాత్రి బ్రష్ చేయించేటప్పుడు టార్చి వేసి చూడండి. ముందు పళ్ల మధ్య గీత నుంచి ఒక్కో వైపు లెక్కపెట్టండి. ఆరోది అదే.